పికప్ లేని పడవ

అక్క ఫోన్ చేసేసరికి పొద్దున పదకొండు దాటింది. తమ్ముడు ఇంకా మంచం దిగలేదు. ఎనిమిది నెలలుగా అంతే. బస్సు డిపోలో పద్దెనిమిదేళ్లు మెకానిక్‌గా చేసినవాడు, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుని లోపలి రోగం చెప్పేవాడు, అందుకని డిపోలో అందరి చేతా ‘స్టెతస్కోపు’ అనిపించుకున్నవాడు, ఇప్పుడు సెలవు మీద సెలవు పెట్టి గోడకేసి చూస్తూ పడుకుంటున్నాడు.

“ఒరేయ్, మన పడవ పలకట్లేదురా,” అంది అక్క. “పొద్దున్నే స్టార్ట్ అవదు. అయినా పికప్ ఉండదు. వచ్చే వారం కొత్త బ్యాచ్ వస్తోంది. వచ్చి ఓసారి చూడు.”

“ఇంకెవరినైనా పిలవండక్కా.”

“పిలిచాం. ఒకాయన వచ్చి ప్లగ్గులు మార్చి పోయాడు. ఇంకొకాయన బోటింజన్లు నాకు తెలీవని మొహం చాటేశాడు. నువ్వు రాకపోతే మీ బావే సుత్తి పట్టుకుని మొదలెడతారు. ఆపైన నీ ఇష్టం.”

బావ, సుత్తి, ఇంజన్. ఈ మూడూ ఒకచోట చేరడం ఊహించుకున్నాక మెకానిక్‌కి పడుకోబుద్ధి కాలేదు. లేచి మొహం కడుక్కుని, అటక మీద దుమ్ము పట్టిన పనిముట్ల పెట్టె దించాడు.

ఊరికి కాస్త దూరంలో పెద్ద జలాశయం ఉంది. దాని ఒక కొసన ఆనకట్ట, రెండో కొసన బావ బడి. బడంటే పలకా బలపాల బడి కాదు. కాళ్లకు పొడుగు చెక్కలు తొడుక్కుని, పడవ వెనక తాడు పట్టుకుని, నీళ్ల మీద జారడం నేర్పే బడి. నేర్పేది బావ. పడవ నడిపేది, ఫోన్లెత్తేది, రేకుల షెడ్డు ఊడ్చేది, బావ మాటలకు బ్రేకు వేసేది అక్క. పడవ పొట్టిగా, వెడల్పుగా, నీళ్లకు ఆనుకుని కూర్చున్నట్టుంటుంది. నడిమధ్యలో ఒక పెట్టె, దాని మూత ఎత్తితే లారీకి సరిపోయేంత ఇంజన్. పెట్టె వెనక తాడు కట్టే ఇనుప స్తంభం.

“రావోయ్ బామ్మర్దీ! నీ కోసమే అలిగి కూర్చుంది,” అన్నాడు బావ, పడవ ముక్కు మీద చెయ్యి వేసి.

“అసలేమవుతోంది బావా?”

“ఏముందోయ్, కాస్త బద్ధకం. పొద్దున్నే లేవనంటుంది. లేచాక నీరసం. నీలాగే.” బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

“నడుస్తూ నడుస్తూ ఎప్పుడైనా ఆగిపోయిందా?”

“ఆగడమా? ఛ! అది దీని వంశంలోనే లేదు.”

మెకానిక్ పడవలోకి దిగి తాళం తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్, టక్. సెల్ఫ్ తిరగలేదు. బ్యాటరీ దగ్గరకు వంగి చూస్తే రెండు టెర్మినళ్ల మీదా తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుని ఉంది. కరెంటు బ్యాటరీలో ఉంది కానీ అక్కణ్ణుంచి కదలడానికి దారి లేదు. వైర్లు విప్పి, వేడినీళ్లు పోసి కడిగి, ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. మొదటి వైరు తొడిగి నట్టు బిగించాడు. రెండోది తొడిగి పానా పెట్టి రెండు తిప్పులు తిప్పాడో లేదో, అక్క టీ గ్లాసు అందించింది. అతను గ్లాసు అందుకునేలోగా బావ ఆత్రం ఆపుకోలేక తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క ఊపున లేచింది.

“ఆహా! వైద్యుడి చెయ్యి పడగానే రోగం పరార్!” అని బావ చప్పట్లు కొట్టాడు. మెకానిక్‌కి కూడా చాలా రోజుల తర్వాత మొహం మీద నవ్వులాంటిది వచ్చింది. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని ఇంజన్ విన్నాడు. ఏ మూలా తేడా లేదు. ఫిల్టరు శుభ్రంగానే ఉంది. ప్లగ్గులు కొత్తవి. గట్టుకు కట్టేసి అరగంట నడిపినా చక్కగా నడిచింది.

“కట్టేసిన ఎద్దు బలం ఏం తెలుస్తుంది? లోడు పడాలి,” అన్నాడు.

“దానికేం, నేను చెక్కలు కట్టుకుంటాను. నన్ను లాగితే లోడే లోడు,” అన్నాడు బావ పొట్ట నిమురుకుంటూ.

మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఇక్కడ చినుకు లేదు కానీ ఎగువన రెండు రోజులుగా వానలని రేడియోలో చెబుతూనే ఉన్నారు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అక్క ఆనకట్ట వైపు చూసి, “గేట్లు ఎత్తుతారేమోనండీ,” అంది.

“ఎత్తితే సైరన్ మోగదూ? మోగాక గంటకు గానీ ఎత్తరు. పద పద.”

అక్క స్టీరింగ్ పట్టుకుంది. మెకానిక్ ఇంజన్ పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక పాతిక మీటర్ల దూరంలో, తాడు కొస పట్టుకుని బావ నీళ్లలో తేలుతున్నాడు. అక్క రేజు చేసింది. పడవ ముక్కు లేచింది, బావ నీళ్లలోంచి బుడుంగున లేచి నిలబడి ఈల వేశాడు. పదేళ్లు చిన్నవాడైపోయినట్టున్నాడు. పడవ బాణంలా పోతోంది. మెకానిక్ ఇంజన్ చప్పుడు వింటూ, ఏ తప్పూ దొరకక, లోలోపల సంతోషిస్తూ కూర్చున్నాడు.

పది నిమిషాలైంది. జలాశయం ఆ చివరికొచ్చి వెనక్కి తిరగబోతుండగా ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత మెల్లగా, దాహంతో గొంతెండిపోయినట్టు బలం సన్నగిల్లుతూ వచ్చి, పడవ ముక్కు దిగిపోయి, ఆగిపోయింది. వెనక బావ నిలబడ్డవాడు నిలబడ్డట్టే నీళ్లలో మునిగి తేలాడు.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సైరన్ మోగింది.

ముందు ముగ్గురూ అంత భయపడలేదు. గంట వ్యవధి ఉంటుందని బావ చెప్పాడు కదా. కానీ సైరన్ ఆగకముందే ఆనకట్ట మధ్యలోంచి తెల్లటి తుంపర పొగలా లేచింది. ఒక గేటు, పక్కనే ఇంకొకటి. ఆ వెనకే ఉరుములాంటి మోత. అంతదాకా నిద్రపోతున్నట్టున్న నీళ్లు ఒక్కసారి కదిలాయి. పక్కన తేలుతున్న ఎండుకొమ్మ మెల్లగా నడవడం మొదలుపెట్టింది. పడవ కూడా దాంతోపాటే నడుస్తోంది, ఆనకట్ట వైపు.

“ఏమండీ! తాడు వదలకండి!” అని అక్క అరిచింది. అక్కా తమ్ముడూ కలిసి తాడు లాగి బావను పడవలోకి ఎక్కించారు. అతను ఒగరుస్తూనే ఫోనందుకుని ఆనకట్ట ఆఫీసుకు చేశాడు. అటువైపు మాట వింటూ వింటూ అతని మొహం పాలిపోయింది.

“ఎగువన వరద ముంచుకొస్తోందని గంట ఆగకుండానే ఎత్తేశారట. గేట్లు దించాలంటే పైనుంచి మాట రావాలట. వచ్చినా దిగడానికి పావుగంట పడుతుందట. చూస్తామంటున్నాడు.”

“పావుగంట!” అంది అక్క.

మెకానిక్ తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ. తిప్పిన కొద్దీ సెల్ఫ్ నీరసపడుతోంది. “ఆపరా, బ్యాటరీ చచ్చిపోతుంది,” అని అక్క అతని చెయ్యి పట్టుకుంది. పడవలో ఒకే ఒక తెడ్డు ఉంటే బావ దాంతో ఆ పక్కా ఈ పక్కా నీళ్లు తోడుతున్నట్టు వేశాడు. టన్ను పైన బరువున్న పడవ దాన్ని లెక్కే చేయలేదు.

ఆనకట్టకు మూడు వందల మీటర్ల ఇవతల, పడవలు దాటిపోకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఉక్కు తీగ కట్టి దానికి ఎర్ర ప్లాస్టిక్ పీపాలు వరుసగా తగిలించారు. ఆ వరుస దగ్గరపడుతోంది. అక్క కొక్కెం కర్ర అందుకుని పడవ ముక్కు మీద బోర్లా పడుకుంది. మొదటి పీపా జారిపోయింది. రెండోదాని చెవిలో కొక్కెం పడింది. చేతులు ఊడిపోతాయేమో అన్నట్టు పట్టుకుని, ముక్కు తాడు ఆ చెవికి చుట్టి ముడి వేసింది. పడవ గిర్రున తిరిగి, ఎగువకు మొహం పెట్టి ఆగింది. నీళ్లు రెండు పక్కలా నురగలు కక్కుతూ పోతున్నాయి. ఉక్కు తీగ సన్నగా మూలుగుతోంది.

“ఇదెంతసేపు ఆగుతుందో తెలీదు. నువ్వు చూడు,” అంది అక్క.

మెకానిక్ పెట్టె మూత ఎత్తి పక్కన పడేశాడు. ప్లగ్గు వైరు పీకి, బావ చేత తాళం ఒక్క తిప్పు తిప్పించి చూస్తే నిప్పురవ్వ నీలంగా దూకింది. అంటే కరెంటు గొడవ కాదు. కార్బొరేటర్ మీది మూత తీసి, లోపలికి చూస్తూ రేజు తీగ లాగాడు. పెట్రోలు చిమ్మాలి. చుక్క రాలేదు. ఫిల్టరు గిన్నె విప్పాడు. నిండా ఉండాల్సిన గిన్నెలో చెంచాడు ఉంది.

“పెట్రోలు రావట్లేదు. పంపు పోయింది,” అన్నాడు. “స్పేరుందా బావా?”

“లేదు.”

“అయితే అయిపోయింది.” అతను ఇంజన్ పక్కన చతికిలబడ్డాడు. “నావల్ల కాదక్కా. నన్నెందుకు పిలిచావ్? నేను చెయ్యి పెట్టినవన్నీ ఇలాగే అవుతాయి.”

“లేవరా.”

“పంపు లేనిదే ఏం చెయ్యను?”

“లేవరా వెధవా! ముగ్గురం ఒక్కసారే పోతే మనకు ఏడ్చేవాళ్లు కూడా ఉండరు. ట్యాంకులో అసలు పెట్రోలుందో లేదో చూశావా?”

“మీటరు ముల్లు సగం చూపిస్తోంది.”

“ముల్లు మాట ఎవడు నమ్మాడు?” అంటూ ఆమె పడవ వెనక్కి పాకింది. ట్యాంకు మూత తిప్పబోతే కదల్లేదు. చీర చెంగు... అలవాటుగా చెయ్యి భుజం మీదకు పోయింది కానీ ఒంటి మీద ఉన్నది లైఫ్ జాకెట్. దాని పట్టీ మూతకు చుట్టి రెండు చేతులా మెలిపెట్టింది. మూత వదులైంది.

బుస్‌స్‌స్...

పాము బుసకొట్టినట్టు, పొడుగ్గా. చతికిలబడ్డ మెకానిక్ తలెత్తాడు.

“అక్కా! ఆ గాలి బయటికొచ్చిందా, లోపలికి పోయిందా?”

“లోపలికి పీల్చిందిరా. నా అరచెయ్యి అతుక్కుపోయింది.”

మెకానిక్ లేచి నిలబడ్డాడు. పంపు పోలేదు. ట్యాంకుకు ఊపిరాడట్లేదు. పెట్రోలు బయటికి పోతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దాని కోసం పక్కన సన్నటి గొట్టం ఒకటుంటుంది. అది మూసుకుపోతే, మూతిని సీసాకు బిగించి పీల్చినట్టే, కాసేపు వస్తుంది, తర్వాత ఎంత లాగినా రాదు. గట్టున కట్టేసి నడిపితే తాగేది తక్కువ కాబట్టి బయటపడదు. లోడు మీద పది నిమిషాల్లో బయటపడుతుంది. ఆగి కాసేపు ఊరుకుంటే ఏ సందులోంచో కాస్త గాలి చేరి మళ్లీ నడుస్తుంది.

“బావా, నిజం చెప్పండి. ఇది ఇంతకు ముందు ఇలా నడుస్తూ ఆగిందా లేదా?”

బావ నీళ్లు నమిలాడు. “ఆగింది... నేనొక్కణ్ణే తీసుకెళ్లినప్పుడు, ఆరేడుసార్లు. ఓ పావుగంట వదిలేస్తే అదే బాగయ్యేది. చెబితే మీ అక్క బడి మూయించేస్తుందని...”

“ఈ ఒక్క ముక్క ఇందాక చెప్పుంటే గట్టు మీదే అయిపోయేది బావా!”

అక్క మొగుడి వైపు చూసింది. “మిమ్మల్ని తర్వాత చంపుతాను. ముందు బతకండి,” అంది.

మెకానిక్ ఫిల్టరు గిన్నెలోని చెంచాడు పెట్రోలూ జాగ్రత్తగా కార్బొరేటర్ గొంతులో పోసి, గిన్నె మళ్లీ బిగించాడు. బ్యాటరీలో మిగిలిన ప్రాణం ఒకటి రెండు తిప్పులకే వస్తుంది. ఆ చెంచాడుతో ఇంజన్ అందుకుంటే మిగతాది అదే లాక్కుంటుంది. కానీ పెట్రోలు ఆవిరి పెట్టె నిండా పట్టింది. ఇప్పుడు తాళం తిప్పితే ఆనకట్ట దాకా పోనక్కర్లేదు, ఇక్కడే దహనం. “తువ్వాలుతో విసరండి బావా,” అన్నాడు. బావ విసిరాడు. మెకానిక్ అరవై దాకా లెక్కపెట్టాడు. జీవితంలో అంత పొడుగైన అరవై అతనికి తెలీదు. ముప్ఫై ఎనిమిది దగ్గర పీపా చెవి కిర్రుమంది.

“ఇప్పుడు తిప్పక్కా.”

ఇంజన్ లేచింది. తడబడింది, దగ్గింది, నిలబడింది. ముగ్గురి నోటా ఒకేసారి కేక వచ్చింది. అక్క గేరు ముందుకు తోసింది.

దబ్బుమని పడవ అడుగున ఏదో తన్నినట్టయింది. ఇంజన్ టక్కున ఆగిపోయింది. ఆ కుదుపుకు పీపా చెవి ఊడి, పడవ పక్కకు తిరిగి, ఎర్ర పీపాల వరుసలో ఒకదాన్ని ఊడగొట్టి, కుంగిన తీగ మీదుగా జారి అవతలికి వెళ్లిపోయింది.

స్తంభానికి కట్టిన తాడు నీళ్లలోకి బిగుసుకుని దిగి ఉంది. బావను ఎక్కించిన కంగారులో దాన్ని చుట్టి లోపల వేయాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అది వెళ్లి అడుగున తిరిగే పంకాకు చుట్టుకుపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందు ఆనకట్ట పెద్దదవుతోంది. గేట్ల మధ్య స్తంభాల మీద పాచి కనిపిస్తోంది.

బావ లైఫ్ జాకెట్ విప్పాడు. అది ఉంటే మునగడం కుదరదు. పనిముట్ల పెట్టెలోంచి కత్తి తీసి, పడవ ముక్కు తాడు విప్పి నడుముకు కట్టుకుని, కొస అక్క చేతిలో పెట్టాడు.

“వద్దండీ,” అంది అక్క. “వద్దు. ఈదుకుంటూ పోదాం. ముగ్గురం దూకేద్దాం.”

“ఈ నీళ్లలో ఈదలేం. ముప్ఫై ఏళ్లుగా ఇందులోనే ఉన్నా, నాకు తెలుసు.” అని దూకేశాడు.

అక్క చేతిలో తాడు బిగిసింది. ఊపిరి బిగబట్టి ఇద్దరూ నీళ్లకేసి చూశారు. బావ తేలి, గాలి మింగి, మళ్లీ మునిగాడు. మళ్లీ తేలినప్పుడు చేతిలో మూరెడు తాడు ముక్క. “ఇంకా ఉంది,” అని మునిగాడు. ఈసారి చాలాసేపు పైకి రాలేదు. అక్క తాడు లాగడం మొదలుపెట్టింది. లాగుతూ ఏదో గొణుగుతోంది. మెకానిక్‌కి మాటలు వినపడలేదు, పెదవులు మాత్రం కనిపించాయి. తాడు కొసన బావ తల పైకొచ్చింది. నుదురు చీరుకుపోయి మొహమంతా రక్తం.

“వదిలింది,” అన్నాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టి లోపలికి ఈడ్చారు.

అక్క తాళం తిప్పింది.

టక్.

మళ్లీ తిప్పింది. టక్. టక్.

“బ్యాటరీ అయిపోయిందిరా!”

అయిపోతే ఆ మాత్రం టక్ కూడా గట్టిగా రాదు. మెకానిక్ బ్యాటరీ మీద రెండు చేతులూ వేశాడు. ఎడమ టెర్మినల్ చల్లగా ఉంది. కుడిది కాలుతోంది. వేలితో కదిపితే వైరు తలకాయ ఊగింది. ఇందాక గట్టున రెండు తిప్పులు తిప్పి, టీ గ్లాసు అందుకుని, మిగతా బిగింపు మర్చిపోయిన నట్టు అది. బిగించలేదు. బిగించాననుకున్నాడు.

ఎనిమిది నెలల కిందట వాలులో బ్రేకు పడక ఒక బస్సు కల్వర్టును గుద్దింది. ఒక పెద్దావిడ కాలు పోయింది. బ్రేకు రాడ్డు నట్టు ఊడి ఉంది. విచారణలో “నువ్వు బిగించావా?” అని అడిగితే “బిగించాను” అన్నాడు. అతని మాట మీద, నట్టు గుద్దుడుకే ఊడిందనీ, తప్పంతా స్పీడుగా నడిపిన డ్రైవర్‌దేననీ తేల్చి డ్రైవర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నిజానికి బిగించాడో లేదో అతనికి గుర్తు లేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా పడుకున్న మంచం మీద, చూసిన గోడ మీద, అతను వెతికింది ఆ ఒక్క జ్ఞాపకమే.

“ఏంట్రా చూస్తున్నావ్?” అక్క కేక.

పానా పడవ కుదుపులకు చెక్కల సందులోకి జారిపోయింది. వెతికే వ్యవధి లేదు. మెకానిక్ కాలుతున్న వైరు తలను పిడికిట పట్టి, దాని మీద ఒళ్లంతా వేసి, మెలిపెట్టి కిందికి అదిమాడు. లోపల ఇంకా పెట్రోలు ఆవిరి ఉంటే... ఆ ఆలోచనను ఆపేశాడు.

“తిప్పు!”

అరచేతి కింద చిటపటమంది. తోలు కాలిన వాసన. సెల్ఫ్ మూలిగింది, ఒక తిప్పు, రెండో తిప్పు, ఇంజన్ లేచింది.

“పూర్తిగా రేజు చెయ్యకు, మెల్లగా ఎత్తు, మెల్లగా...” అని అరుస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం తీయలేదు. అక్క పడవ ముక్కు ఎగువకు తిప్పి, రేజు పిడి మెల్లమెల్లగా చివరిదాకా తోసింది. ఇంజన్ గర్జించింది. పడవ కదల్లేదు. గేటు స్తంభం మీద తెల్ల రంగుతో రాసిన నీటిమట్టం అంకెలు పక్కనే ఉన్నాయి. అవి ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. కింద గేట్లలోంచి నీళ్లు పడే మోతకు పడవ చెక్కలు అదురుతున్నాయి. బావ వెనక ట్యాంకు మీద బోర్లా పడి, తెరిచిన మూత మీద నీళ్లు పడకుండా, గాలి ఆగకుండా, రెండు చేతులూ గొడుగులా పట్టుకున్నాడు. అతని నుదుటి రక్తం ట్యాంకు మీద కారుతోంది.

ఒక అంకె మెల్లగా వెనక్కి జరిగింది. తర్వాత ఇంకొకటి. పాచి పట్టిన స్తంభం పడవ వెనక్కి వచ్చింది. పాతిక మీటర్లు. యాభై. ఎర్ర పీపాల వరుసలో పీపా ఊడిన చోట నుంచి దూరి ఇవతలికి వచ్చాక కూడా అక్క పిడి మీద చెయ్యి తీయలేదు. గట్టుకు చేరి పడవ ముక్కు బురదలో కూరుకున్నాకే ఇంజన్ ఆపింది.

ముగ్గురూ చాలాసేపు దిగలేదు. ఆనకట్ట కాపలాదారు మోటార్ సైకిలేసుకుని వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. ముగ్గురూ తల వంచుకుని విన్నారు. అతని తిట్లు అయిపోయాక బావ, “చాలా థాంక్సండీ,” అన్నాడు. కాపలాదారు బిత్తరపోయి వెళ్లిపోయాడు.

షెడ్డులో అక్క బావ నుదుటికి గుడ్డ కట్టింది. తమ్ముడి అరచెయ్యి చల్లటి నీళ్లలో ముంచింది. అప్పుడు మొదలుపెట్టింది.

“రోగం వాడికి చెప్పకుండా దాచారు. పడవ పాడైతే బాగు చేసుకుంటాం. మీరు దాచింది నా దగ్గర. దానికేం మందు వేయను?”

బావ ఎప్పుడూ ఏదో ఒక జోకు వేస్తాడు. ఆ రోజు తల వంచుకుని నుదుటి కట్టు సర్దుకున్నాడు.

“బావనొక్కణ్ణే అనకక్కా,” అన్నాడు మెకానిక్. “ఆ నట్టు నేనే బిగించలేదు. టీ తాగి మర్చిపోయాను. బిగించానని ఎవరడిగినా ఒట్టేసి చెప్పేవాణ్ణి.” ఆ తర్వాత బస్సు సంగతి మొత్తం చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి. డిపోలో గొడవ జరిగిందనే అక్కకు తెలుసు, అతను విచారణలో అన్న మాట తెలియదు.

అక్క గిన్నెలో ఇంకో చెంబు చల్లటి నీళ్లు పోసింది. నీళ్ల గిన్నెలో అతని చెయ్యి పట్టుకునే ఉంది.

“ఆ డ్రైవర్ ఇప్పుడేం చేస్తున్నాడు?” అని అడిగింది చివరికి.

“తెలీదు.”

“తెలుసుకోవా?”

మర్నాడు మెకానిక్ ఎడం చేత్తోనే ట్యాంకు గాలి గొట్టం విప్పాడు. కందిరీగ ఒకటి గొట్టం మొదట్లో మట్టితో గూడు కట్టుకుంది. బొటనవేలంత మట్టి. పుల్లతో పొడిస్తే పొడిపొడిగా రాలిపోయింది. బావ ఆ మట్టిని అరచేతిలో వేసుకుని కాసేపు చూసి, బయటికెళ్లి చేతులు దులుపుకుని వచ్చాడు. అక్క తాళం తన దగ్గర పెట్టుకుంది. కొత్త బ్యాచ్ వాళ్లకు ఫోన్ చేసి, పడవ సిద్ధంగా లేదు, నెలాగి రమ్మని చెప్పింది.

అరచేతి పుండు మానకముందే మెకానిక్ డిపోకు వెళ్లాడు. విచారణ చేసిన అధికారి ఫైలు తెరవకుండానే, “అంతా అయిపోయాక ఇప్పుడెందుకయ్యా?” అన్నాడు.

“బిగించానని చెప్పాను సార్. గుర్తు లేదని చెప్పాల్సింది.”

“దీంతో నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“తెలుసు సార్.”

“ఆలోచించుకుని రా.”

“ఎనిమిది నెలలు ఆలోచించాను. రాసుకోండి సార్.”

విచారణ మళ్లీ జరిగింది. నాలుగు నెలలు సాగింది. అతని ఉద్యోగం పోయింది, డ్రైవర్‌కి ఉద్యోగం తిరిగొచ్చింది. కాలు పోయిన పెద్దావిడకు ఎవరి ఉద్యోగం పోయినా వచ్చినా ఒరిగేదేమీ లేదు. మెకానిక్ ఒకసారి ఆమె ఇంటిదాకా వెళ్లి, గుమ్మం ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. ఆమె విని, “సరే, వెళ్లు,” అంది.

ఇప్పుడతను జలాశయం ఒడ్డునే ఉంటున్నాడు. పడవ సంగతి చూసుకుంటాడు, చుట్టుపక్కల పంపుసెట్లు బాగు చేస్తాడు. ఊళ్లోకి వెళ్లాలంటే బస్సెక్కాలి. మొన్నొక పొద్దున స్టాపులో నిలబడి ఉంటే బస్సొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. స్టీరింగ్ దగ్గర ఆ డ్రైవర్ ఉన్నాడు. చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మెకానిక్ మెట్టు మీద కాలు పెట్టలేదు. డ్రైవర్ రమ్మనలేదు, పొమ్మననూ లేదు. వెనక నుంచి ఎవరో “ఎక్కండి, ఎక్కండి” అంటుంటే పక్కకు తప్పుకున్నాడు. ఎక్కాల్సినవాళ్లంతా ఎక్కారు. డ్రైవర్ తలుపు మూయకుండా ఇంకాసేపు ఆగాడు. ఆ తర్వాత మూశాడు.

మెకానిక్ తర్వాతి బస్సుకు వెళ్లాడు.